ఎం-37 సైనిక ట్రక్కు స్టార్టు కాకపోతే: బ్యాటరీ నుంచి ప్లగ్గు దాకా వెతకవలసిన క్రమం

అమెరికా సైన్యం కోసం డాడ్జ్ కంపెనీ 1951 నుంచి 1968 వరకు తయారుచేసిన ముప్పావు టన్ను ఎం-37 ట్రక్కులు నేటికీ ఎందరో సేకర్తల దగ్గర నడుస్తున్నాయి. 230 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను చాలా మొండిది, పాతకాలపు డాడ్జ్ ఇంజన్లు తెలిసినవారికి అందులో కొత్తేమీ కనిపించదు. తికమక పెట్టేది విద్యుత్తు ఏర్పాటు. వాగులు దాటేటప్పుడు తడిసినా ఆగిపోకూడదని ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరును గట్టి మూతతో బిగించి, స్పార్కుకు కావలసిన అధిక వోల్టేజిని పుట్టించే ఇగ్నిషన్ కాయిలును కూడా దాని లోపలే అమర్చారు. రేడియోలో గరగర రాకుండా ప్లగ్గు వైర్లకు లోహపు తొడుగు వేశారు. ఈ రక్షణ వల్లనే లోపం ఎక్కడుందో కంటికి కనబడదు. అందుచేత అనుమానం మీద భాగాలు మార్చుకుంటూ పోవడం కన్నా, కరెంటు బయలుదేరిన చోటి నుంచి అది చేరవలసిన చోటి వరకు ఒక్కొక్క మజిలీ కొలుచుకుంటూ వెళ్ళడమే సరైన పద్ధతి.

పని మొదలుపెట్టే ముందు చేతి గడియారం, ఉంగరాలు తీసివేయాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఈ ట్రక్కులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి, నెగెటివ్ వైపు ఎర్త్ అవుతుంది. కేబుళ్ళు విప్పవలసి వస్తే ముందుగా ఎర్త్ కేబులునే విప్పాలి.

బ్యాటరీలను విడివిడిగా కొలవండి. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఒకటి 12.6, రెండవది 11.9 చూపితే, మొత్తం 24 దాటినట్టే కనిపించినా ఆ జత పనికిరాదు. రేడియో కోసమో, వేరే దీపం కోసమో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీసుకునేవారి బండ్లలో ఇది తరచుగా ఎదురవుతుంది, ఆ అలవాటు మానుకోవడం మంచిది. తరువాత ఒకరిని స్టార్టరు పెడలు తొక్కమని, సెల్ఫ్ తిరుగుతుండగా రెండు బ్యాటరీల మొత్తాన్ని చూడండి. అది 19 వోల్టుల కన్నా కిందికి పడిపోతే బ్యాటరీలనే అనుమానించాలి. వోల్టేజి నిలబడినా సెల్ఫ్ మెల్లగా తిరుగుతుంటే, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ స్తంభానికి, రెండవ కొనను ఇంజను దిమ్మకు ఆనించి మళ్ళీ తిప్పించండి. అక్కడ అర వోల్టు కన్నా ఎక్కువ కనిపిస్తే ఎర్త్ దారిలో తుప్పో, రంగుపూతో అడ్డుపడుతోందన్నమాట. కొత్తగా రంగులు వేయించిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఎర్త్ పట్టీ కూర్చునే చోట రంగును లోహం మెరిసేదాకా గీకాలి.

సెల్ఫ్ చురుగ్గా తిరిగినా ఇంజను అందుకోకపోతే ఇగ్నిషన్ వైపు రావాలి. సైనిక వాహనాల వైర్లకు అంకెలు కొట్టిన చిన్న లోహపు పట్టీలు ఉంటాయి. స్విచ్చి నుంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్ళేది 12వ నంబరు వైరు. దాన్ని డిస్ట్రిబ్యూటరు దగ్గర విప్పి స్విచ్చి వేసి కొలిస్తే 24 వోల్టులు రావచ్చు, కానీ అంతటితో తృప్తిపడకూడదు. మీటరు లాగే కరెంటు అత్యల్పం కనుక, ఒకే ఒక్క పోగు మిగిలిన వైరు గుండా కూడా పూర్తి వోల్టేజి కనబడుతుంది. అదే వైరు కొనకు, ఎర్త్‌కు మధ్య 24 వోల్టుల, 21 వాట్ల బల్బు కలిపి చూడండి. బల్బు మసకగా వెలిగితే స్విచ్చి లోపలో, మధ్యలోని కనెక్టర్లలోనో లోపం ఉన్నట్టే. రబ్బరు తొడుగు పైకి నిగనిగలాడుతున్నా, లాగి చూస్తే లోపలి ఇత్తడి కొనకు ఆకుపచ్చని చిలుము పట్టి ఉంటుంది.

వైరు బాగుంటే డిస్ట్రిబ్యూటరు మూత తీయాలి. చుట్టుపక్కల పెట్రోలు కారడం లేదని రూఢి చేసుకున్నాకే మూత తీసి ఇంజను తిప్పాలి. లోపల కాయిలు కరెంటును తెరిచి మూసే పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఎడం సుమారు అర మిల్లీమీటరు ఉండాలి, ఆ ఎడాన్ని కొలిచే రేకు (ఫీలర్ గేజి) నూనె లేకుండా శుభ్రంగా ఉండాలి. స్విచ్చి వేసి, పాయింట్లు మూసుకున్నప్పుడు కదిలే పాయింటు దగ్గర దాదాపు సున్నా, తెరుచుకున్నప్పుడు బ్యాటరీ వోల్టేజి రావాలి. మూసుకున్నా వోల్టేజి మిగిలితే పాయింట్లు మాడాయి, తెరిచినా రాకపోతే కాయిలు తీగ తెగింది లేదా ఎక్కడో ఎర్త్ తగులుతోంది. ఈ పరీక్ష త్వరగా ముగించాలి, పాయింట్లు మూసుకుని ఉండగా స్విచ్చి వేసి వదిలేస్తే కాయిలు కాలిపోతుంది.

చాలామంది పట్టించుకోని విషయం గాలి గొట్టాలు. మూసిన డిస్ట్రిబ్యూటరులో స్పార్కు ఎగిరినప్పుడల్లా ఓజోను పుడుతుంది, తేమతో కలిసి ఆమ్లపు ఆవిరి తయారవుతుంది. దాన్ని బయటికి లాగడానికే సన్నని గొట్టాలు పెట్టారు. ఒకటి ఎయిర్ క్లీనరు నుంచి శుభ్రమైన గాలి తెస్తుంది, మరొకటి ఇంజను పీల్చే వైపు లాగుతుంది. ఇవి పూడుకుపోయినా, పనికిరానివని ఎవరైనా మూసేసినా కొత్త పాయింట్లు కూడా త్వరగా నల్లబడతాయి, క్యాప్ లోపలి ఇత్తడి కొనలకు పొడి పేరుకుంటుంది. పాయింట్లు పదేపదే పాడవుతుంటే, మళ్ళీ కొనే ముందు ఈ గొట్టాలు విప్పి గాలి ఊది చూడండి.

ప్లగ్గు వైరు కొన తొడుగు లోపల ఉంటుంది కనుక మామూలు బండిలా దాన్ని దిమ్మకు దగ్గరగా పట్టి చూడటం కుదరదు. అదే రకం విడి ప్లగ్గును వైరుకు బిగించి, దాని ఒంటిని దిమ్మకు గట్టిగా ఆనించి ఇంజను తిప్పించండి. నీలంగా, చిటుక్కుమంటూ స్పార్కు రావాలి. పసుపుగా, పలచగా వస్తే పాయింట్ల దగ్గర స్పార్కు ఎగరకుండా ఆపే కండెన్సరును ముందు అనుమానించండి. అన్ని వైర్లలోనూ బాగుండి ఒక్కదానిలోనే రాకపోతే, ఆ వైరు లోపలి పొర చిట్లి తొడుగులోకే స్పార్కు దూకుతోంది. వైర్లు తిరిగి పెట్టేటప్పుడు సిలిండర్లు పేలే వరుస 1-5-3-6-2-4 అని గుర్తుంచుకోవాలి.

వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్ళీ స్టార్టయ్యే బండిని ఆగిన క్షణంలోనే పరీక్షించాలి. అప్పుడు స్పార్కు లేకపోతే కాయిలు గానీ కండెన్సరు గానీ వేడికి తట్టుకోలేకపోతోంది. స్పార్కు బాగుంటే గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుందేమో చూడాలి, ఇగ్నిషన్ జోలికి పోనవసరం లేదు.

బండి నడిచాక, ఇంజను కొంచెం వేగంగా తిరుగుతుండగా బ్యాటరీల మొత్తం వోల్టేజి 28కి అటూ ఇటూగా ఉండాలి. 25 దగ్గరే ఆగిపోతే డైనమో బ్రష్షులు, దాని వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు, వాటి ఎర్త్ ఆ వరుసలో చూసుకోవాలి. 30 దాటితే రెగ్యులేటరు సరిచేసేదాకా బండి నడపకండి, బ్యాటరీల నీళ్ళు మరిగిపోతాయి.