పెరటి బోన్సాయ్ – 5వ పాఠం: తొట్టి అడుగున నిలిచే నీరు

ఈ పాఠంలో కొమ్మలను వంచడానికి వాటికి లోహపు తీగ చుట్టడం నేర్పుతానని మాట ఇచ్చాను. కానీ వేర్లు కత్తిరించి తొట్టి మార్చిన తరువాత చాలామంది పెంచుతున్న మర్రి, జువ్వి మొక్కలు ఆకులు రాల్చాయి. ఆ కంగారులో పూటకో చెంబెడు నీళ్లు పోసినవారి మొక్కలు మరింత వాడిపోయాయి. కాబట్టి తీగ సంగతి తరువాత చూద్దాం.

ఆకులు రాలినంత మాత్రాన మొక్క పోయినట్లు కాదు. కొమ్మ బెరడును గోటితో ఆవగింజంత గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. వేర్లలో మూడో వంతు పోగొట్టుకున్న మొక్క మునుపటంత నీరు పీల్చలేదు కనుక ఆకుల బరువు దించుకుంటుంది. దాన్ని నీడలో ఉంచండి, కొత్త చిగుళ్లు విచ్చుకునేదాకా ఎరువు వేయకండి.

అసలు చిక్కు వేరే ఉంది. నీరు బాగా దిగాలని తొట్టి అడుగున గులకరాళ్లు పరిచినట్లు అనేకులు చెప్పారు. నేను పరచమనలేదు. ఈ అలవాటు ఎంత పాతదో అంత తప్పు. అంట్లు తోమే స్పాంజిని నిండా తడిపి అరచేతిలో అడ్డంగా పట్టుకోండి. చుక్కలు ఆగాక నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారుతుంది. తొట్టిలోని మట్టి కూడా అంతే. దాని అడుగున కొంత ఎత్తు మేరకు నీరు నిలిచే ఉంటుంది. ఆ ఎత్తు మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుందే తప్ప తొట్టి లోతును బట్టి కాదు. అందుకే లోతు తక్కువైన బోన్సాయ్ తొట్టిలో తడి వాటా ఎక్కువ. సన్నమట్టిలోని నీరు రాళ్ల మధ్య ఉండే పెద్ద ఖాళీల్లోకి సులభంగా దిగదు కనుక, గులకరాళ్లు పరిస్తే ఆ తడిపొర వాటి పైకి, అంటే సరిగ్గా వేర్లు ఉన్నచోటికి చేరుతుంది. 2 అంగుళాల తొట్టిలో అర అంగుళం రాళ్లకిచ్చి, మిగిలిన అంగుళంన్నరలో వేర్లను నానబెట్టడమన్నమాట! రంధ్రం మీద చిన్న ప్లాస్టిక్ జాలీ ముక్క చాలు.

ఇప్పటికే పరిచినవారు మొక్కను మళ్లీ పెకలించవద్దు. నీరు పోశాక తొట్టి ఒక కొస కింద ఇటుక ముక్క పెట్టి అరగంట వాలుగా ఉంచితే చాలావరకు నీరు దిగిపోతుంది. పైన చెప్పిన స్పాంజి కిటుకే ఇది. మట్టి కుళ్లు వాసన వేస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా తీసి, మెత్తబడిన నల్లని వేర్లు కోసేయాలి. మళ్లీ నాటేటప్పుడు 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు ఎక్కువగా కలిపి, జల్లెడ కింద పడిన ధూళిని పారబోయండి. బోన్సాయ్‌కు వాడే జపాన్ మట్టి గుళికలు, అంటే అకడామా, కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. నేను మాత్రం పాత ఇటుకలే కొట్టుకుంటాను.

అభ్యాసం: 15 రోజులపాటు ఉదయం, సాయంత్రం ప్రతి తొట్టిలోనూ ఒక కొబ్బరి ఈనెను అడుగు తగిలేదాకా గుచ్చి, పది నిమిషాల తరువాత తీసి, ఎంత మేర తడిసిందో పుస్తకంలో రాసుకోండి. ఈనె సగానికి పైగా తడిగా ఉంటే ఆ పూట నీరు పోయకూడదు. చింత మొక్క ఉన్నవారికి ఒక మాట: సాయంత్రం దాని ఆకులు ముడుచుకునేది నిద్రకే, దాహంతో కాదు.