కీబోర్డు ముందర పెట్టుకొని న్యూ ఆర్డర్ వినడం ఎట్లా

కడపలో పెళ్ళిళ్ళకు, ఉరుసులకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. పొద్దన్నే పిల్లోళ్ళకు నేర్పిస్తాను కూడా. వాళ్ళలో కొందరు ఇంగ్లాండు బ్యాండు న్యూ ఆర్డర్ పేరు విని, యాడ మొదలుపెట్టాల అని అడుగుతుంటారు. నేను చెప్పేది ఒకటే. దీన్ని ఉత్త చెవులతో వినొద్దు, చేతులతో విప్పుకుంటూ వినండి. ఈ బ్యాండులో మనం మెచ్చుకునే శబ్దాలు చానా మటుకు ఏదో ఒక లోటులోంచి పుట్టినవే. ఆ లోటు ఏందో తెలిస్తే, ఆ స్వరం అక్కడ ఎందుకుందో వేళ్ళకే తెలుస్తుంది.

ముందు సామాను. మామూలు కీబోర్డు చాలు. వైరుండే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఫోను స్పీకర్లో బేస్ వినపడదు, బ్లూటూత్‌లో శబ్దం రవంత ఆలస్యంగా వస్తుంది కాబట్టి పాటతో పాటు వాయించలేరు.

న్యూ ఆర్డర్ కంటే ముందు జాయ్ డివిజన్ అనే బ్యాండు వినాల, ఎందుకంటే మనుషులు వాళ్ళే. 1976 జూన్‌లో మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు కచేరీ చూసి బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ బ్యాండు పెట్టాలనుకున్నారు. సమ్నర్ గిటార్, హుక్ బేస్. తర్వాత పాడేదానికి ఇయాన్ కర్టిస్, డ్రమ్స్‌కు స్టీఫెన్ మోరిస్ వచ్చినారు. హుక్ దగ్గరుండే ఆంప్లిఫైయర్ నాసిది. పక్కన సమ్నర్ గిటార్ గట్టిగా మోగుతుంటే, కింది స్వరాలు వాయిస్తే తన బేస్ తనకే వినపడేది కాదు. అందుకని పై స్వరాలకు పోయినాడు. అదే అతని ముద్ర అయింది.

ఇది కీబోర్డు మీద ఇట్లా చేయండి. ఫింగర్ బేస్ టోన్ పెట్టి, మన అలవాటు ప్రకారం ఎడమ చేత్తో అడుగున కొట్టకుండా, కుడి చేత్తో మధ్య సి దాపున వాయించండి. ఎడమ చేతిలో రెండు మూడు కార్డులు నిలబెట్టి పట్టుకోండి. జాయ్ డివిజన్ పాట 'లవ్ విల్ టేర్ అస్ అపార్ట్' పెట్టుకొని బేస్ వరుసను పట్టుకోండి. బేసే పాటను మోస్తుంటుంది. ఇది వేళ్ళకు ఎక్కేదాకా ముందుకు పోవద్దు. మిగతావన్నీ దీని మీదే నిలబడినాయి.

కర్టిస్‌కు మూర్ఛ వ్యాధి ఉండేది. స్టేజీ మీదే ఫిట్స్ వచ్చేవి, మిణుకుమిణుకుమనే లైట్లతో అది ఇంకా ఎక్కువయ్యేది. అమెరికా యాత్రకు బయల్దేరే ముందు రోజు, 1980 మే 18న, ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 23. ఇక్కడ రవంత ఆగి మన ఆర్కెస్ట్రా పార్టీల సంగతి చెప్తాను. మీ జట్టులో ఎవరికైనా ఫిట్స్ ఉంటే లైటింగు ఆయనకు ముందే చెప్పి ఆ స్ట్రోబ్ లైట్లు ఆపించండి. ఎవరైనా నిద్ర లేక, మాట లేక ముడుచుకొని పోతుంటే, ప్రోగ్రాం తర్వాత చూద్దాంలే అనుకోకండి. ప్రోగ్రాం ఆగినా పర్వాలేదు.

మిగిలిన ముగ్గురూ పేరు మార్చుకొని న్యూ ఆర్డర్ అయినారు. ఆ సెప్టెంబరులోనే న్యూయార్క్‌లో వాళ్ళ వాయిద్యాలన్నీ దొంగల పాలైనాయి. పాడే మనిషి లేడు, చేతిలో వాయిద్యాలు లేవు. సమ్నర్ పాడటానికి ఒప్పుకున్నాడు గానీ పాడుతూ గిటార్ వాయించడం కష్టంగా ఉండేది. ఆ అవసరానికే అక్టోబరులో జిలియన్ గిల్బర్ట్ వచ్చింది, కీబోర్డుకూ గిటార్‌కూ.

ఈ మార్పు వినడానికి 'సెరిమనీ' మంచి దారి. కర్టిస్ ఉన్నప్పుడు కట్టిన పాట అది. గిల్బర్ట్ రాకముందు ముగ్గురూ కలిసి చేసిన రికార్డింగు 1981 మార్చిలో వచ్చింది, గిల్బర్ట్‌తో మళ్ళీ చేసింది అదే సంవత్సరం తర్వాత వచ్చింది. రెండూ వెంటవెంటనే వినండి. మొదటిసారి డ్రమ్స్, రెండోసారి గిటార్లు, మూడోసారి గొంతు, ఇట్లా ఒక్కోటి పట్టుకోండి. సమ్నర్ గొంతు పెద్దది కాదు. మన స్టేజీ సింగర్ల మాదిరి గమకాలేసి పాడితే ఈ పాటలు చెడిపోతాయి. మాట్లాడినట్టు, మైకు దగ్గరగా పెట్టుకొని పాడాల.

ఇంక అసలు సంగతి, 'బ్లూ మండే'. 1983 మార్చిలో పన్నెండంగుళాల రికార్డుగా వచ్చింది, ఏడున్నర నిమిషాల పాట. ప్రపంచంలో ఆ సైజు సింగిల్స్‌లో, అంటే ఒక్క పాట కోసం వేసే రికార్డుల్లో, అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది ఇదే. డ్రమ్స్ ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ అనే యంత్రానివి, సింథసైజర్ బేస్ మూగ్ సోర్స్ అనే వాయిద్యానిది. సమ్నర్ కిట్ తెచ్చుకొని, విడిభాగాలు సొంతంగా అతికించి చేసుకున్న సీక్వెన్సర్ (ఎక్కించిన స్వరాలను తనంతట తానే వరసగా వాయించే యంత్రం) దీంట్లో పనిచేసింది. రెడీమేడ్ స్టైల్ బటన్ నొక్కి పని కానిచ్చే మనం ఇది గమనించాల.

రిథమ్ ప్యాడ్‌లో టెంపో 130 పెట్టండి. ఒక బార్‌లో, అంటే నాలుగు బీట్ల ఆవర్తంలో, కిక్ (అడుగున మోగే పెద్ద డ్రమ్) నాలుగు బీట్లకు నాలుగు దెబ్బలు. ఇంకో బార్‌లో రెండు దెబ్బలు మామూలుగా, మిగిలిన రెండు బీట్లలో బీటుకు నాలుగు చొప్పున ఎనిమిది దెబ్బలు. ఈ రెండు బార్లూ తిరుగుతుండాల. చేత్తో కొడితే ఆ ఎనిమిదీ సమంగా పడవు, కాబట్టి రికార్డు చేసి క్వాంటైజ్ చేయండి, అంటే దెబ్బలను యంత్రంతో సరిగ్గా తాళానికి సర్దించండి. పైన బేస్ పదహారో వంతు స్వరాల్లో నడుస్తుంది. దాన్నీ యంత్రానికే వదిలేయండి. హుక్ బేస్ గిటార్ వచ్చే చోట మాత్రం చేత్తోనే వాయించాల, దానికి క్వాంటైజ్ పెట్టొద్దు. ఆ యంత్రాల మధ్య మనిషి అక్కడే వినపడతాడు.

గిల్బర్ట్ ఆ పాట సింథసైజర్ వరుసను కాగితాల మీద రాసుకొని, ఆ కాగితాలను ఒకదానికొకటి అతికించి స్టూడియో పొడుగునా పరిచింది. అంతా చూసుకుంటూ ఎక్కిస్తుంటే ఒక స్వరం తప్పిపోయింది. దాంతో వరుస డ్రమ్స్‌కు రవంత పక్కకు జరిగింది, అట్లనే ఉంచేసినారు. స్టెప్ సీక్వెన్సర్ ఉండే ఏదైనా యాప్ ఫోన్లో వేసుకొని మీరూ చేసి చూడండి. ఒక చిన్న వరుసను కాగితం మీద గళ్ళు గీసి రాసుకోండి, ఎక్కించేటప్పుడు ఒక గడి వదిలేయండి. మిగతాదంతా ఒక అడుగు ముందుకు జరుగుతుంది. రెండూ విని పోల్చండి. నాకైతే జరిగిందే నచ్చుతుంది, చెవి దాన్ని వెతుక్కుంటూ పోతుంది.

తర్వాత 'పవర్, కరప్షన్ అండ్ లైస్', 'లో-లైఫ్', ఇబీజా దీవిలో మొదలుపెట్టిన 1989 నాటి 'టెక్నిక్' అనే ఆల్బమ్‌లు వరసగా వినండి. ఈ చివరిది బ్రిటన్‌లో మొదటి స్థానానికి పోయింది. ఇంత పేరు వచ్చినా డబ్బు నిలవలేదు. 1982లో మాంచెస్టర్‌లో హాసియెండా అనే నాట్యశాల తెరిచినారు. పెట్టుబడి న్యూ ఆర్డర్‌దీ, వాళ్ళ రికార్డులు వేసే ఫ్యాక్టరీ సంస్థదీ. జనం వచ్చినా నష్టాలు తీరలేదు. రికార్డుల మీద వచ్చే డబ్బు దాంట్లోకే పోయింది. 1992లో ఫ్యాక్టరీ మునిగింది, 1997లో హాసియెండా మూతపడింది. ఇంకో పక్క కూడా చూడాల. ఫ్యాక్టరీ మామూలు కంపెనీల మాదిరి పాటలను తన పేరున రాయించుకోలేదు, పాటలు వాయించినవాళ్ళవే. అందుకే సంస్థ పోయినా పాటలు బ్యాండు చేతిలోనే మిగిలినాయి. హుక్ 2007లో విడిపోయినాడు, పేరు హక్కుల మీద కోర్టుకు పోయి 2017లో రాజీపడినారు. హుక్, సమ్నర్ చిన్నప్పటి స్నేహితులు. మీ పార్టీలో పేరు ఎవరిది, లూపులు ఎవరివి, అడ్వాన్సు ఎట్లా పంచుకోవాల అనేది బాగున్నప్పుడే ఒక కాగితం మీద రాసుకొని అందరూ సంతకాలు చేయండి.

నేర్చుకున్నది స్టేజీ మీద చూడాలంటే రిసెప్షన్‌లో భోజనాల టైము మంచిది. పాడేవాళ్ళు దిగిపోయి ఉంటారు. డోలక్ లూపు ఆపేసి 'బ్లూ మండే' కిక్ ఒక్కటి పెట్టండి, పైన మీకు బాగా వచ్చిన తెలుగు పల్లవినే ఫింగర్ బేస్‌తో పై స్వరాల్లో వాయించండి. మైకు సెట్ ఆయనకు మాత్రం ముందే చెప్పిపెట్టండి, లేకుంటే కిక్ వినగానే బాక్సులు పోతాయని బేస్ తగ్గించేస్తాడు.