నీటిలో దీపం వెలుగుతోంది, స్క్విడ్ ఎందుకు రావడం లేదు?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ చుట్టుపక్కల, పుజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ తీరంలో, చలికాలపు రాత్రి చేపల జెట్టీ మీదికి వెళ్తే కింద నీళ్లలో ఆకుపచ్చ వెలుగు మడుగులు కనిపిస్తాయి. ఎడ్మండ్స్‌లోనూ, వెస్ట్ సియాటిల్‌లోని సీక్రెస్ట్ దగ్గరా వియత్నాం, కంబోడియా, కొరియా, ఫిలిప్పీన్స్ కుటుంబాలు ఏళ్ల తరబడి ఇలా నీటిలో దీపం దించి స్క్విడ్ (పది చేతులుండే మెత్తని సముద్రజీవి) పడుతున్నాయి. రెడ్మండ్, బెల్వ్యూలలో స్థిరపడిన మనవాళ్లలో కూడా కొందరికి ఈ సరదా పట్టుకుంది. కొత్తవాళ్లు ఒక దీపం కొంటారు, ఒక రాత్రి ఖాళీ బకెట్‌తో ఇంటికి వస్తారు, మర్నాడే దానికి రెండింతల దీపానికి ఆర్డరు పెడతారు. వాట్లు పెంచడం అన్నిటికన్నా చివర చేయవలసిన పని. అంతకుముందు చూసుకోవలసినవి చాలా ఉన్నాయి.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. దీపం దగ్గరికి మొదట చేరేది కంటికి సరిగా ఆనని జీవాలు: కోపిపాడ్‌లు, పీతల పిల్లలు. వాటిని తినడానికి చిన్న చేపలు వస్తాయి. ఇక్కడైతే ఎక్కువగా మన కవళ్లకు దగ్గరి బంధువైన హెర్రింగ్. ఆ మేతను చూసి స్క్విడ్ వస్తుంది. అది కూడా వెలుగు నడిమధ్యకు రాదు. వెలుగు, చీకటి కలిసే అంచున నిలబడి, లోపలికి దూసుకొచ్చి, పట్టుకుని, వెనక్కి పోతుంది.

అసలు ఏమీ రావడం లేదు

దీపాన్ని అనుమానించే ముందు కాలెండరు చూడండి. ఇక్కడ దొరికే మార్కెట్ స్క్విడ్ వేసవి చివర మహాసముద్రం వైపు నుంచి హువాన్ డి ఫూకా జలసంధిలోకి వచ్చి, శరత్కాలంలో ఎడ్మండ్స్ వైపు జరిగి, నవంబరు, డిసెంబరు నాటికి సియాటిల్ ముందున్న ఎలియట్ బే చేరుతుంది. సెప్టెంబరులో సీక్రెస్ట్ దగ్గర దీపం వేసి కూర్చుంటే తప్పు దీపానిది కాదు.

తరువాత పోటు, పాటు. పోటు పూర్తయ్యే సమయానికి అటూ ఇటూ గంట, గంటన్నర మంచి సమయం. పుజెట్ సౌండ్‌లో చలికాలపు పెద్ద పాట్లు రాత్రిపూటే వస్తాయి. ఆ వేళకు జెట్టీ కింద లోతు తగ్గిపోతుంది, నీటి వేగం పెరుగుతుంది. కాబట్టి ఆఫీసు అయ్యాక ఎప్పుడు వీలైతే అప్పుడు బయలుదేరకుండా, చీకటి పడ్డాక పోటు వచ్చే రోజులు పట్టికలో చూసి వెళ్లండి.

నిండు చంద్రుడున్న రాత్రి నీరంతా పలచగా వెలిగే ఉంటుంది, మీ దీపానికి ప్రత్యేకత ఉండదు. పున్నమి దాటాక చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నాలుగైదు రోజులు ఆగితే సాయంత్రం మంచి చీకటి దొరుకుతుంది. సియాటిల్ మబ్బుల గురించి ఎంత విసుక్కున్నా, ఈ ఒక్క విషయంలో అవి మన పక్షమే.

ఇవన్నీ కుదిరినా ఏమీ రాకపోతే, ఎంతసేపు ఆగారో చూసుకోండి. పైన చెప్పిన గొలుసు కట్టుకోవడానికి కనీసం అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. పది నిమిషాలకోసారి దీపం పైకి లాగి ఇంకోచోట వేసేవారికి ఆ గొలుసు ఎప్పుడూ మొదటి లంకె దగ్గరే ఆగిపోతుంది.

చిన్న చేపలు ముసురుతున్నాయి, స్క్విడ్ మాత్రం పడటం లేదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. దీపం తన పని చేసింది. చేయనిది మన చెయ్యి.

మొదటి కారణం జిగ్‌ను, అంటే దారానికి కట్టే చిన్న చేపలాంటి ఎరను, వెలుగు మధ్యలో వేయడం. మనకు బాగా కనిపించే చోట వేయాలనిపిస్తుంది. స్క్విడ్ ఉండేది అంచున, లేదా వెలుగు కింద ఉన్న చీకటిలో. జిగ్‌ను వెలుగు బయట వేసి, అంచు దాటేలా నెమ్మదిగా లాగండి. అయినా పట్టకపోతే జిగ్‌ను అడుగు దాకా వదిలి, ఒక్కో మీటరు పైకి తెస్తూ ఎక్కడ తగులుతుందో వెతకండి. తగిలిన లోతు దగ్గర దారానికి మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటే ఆ రాత్రికి మళ్లీ వెతుకులాట ఉండదు. దీపాన్ని నీటి పైభాగంలోనే వేలాడదీసి ఉంటే, రెండు మూడు మీటర్లు కిందికి దించి చూడటమూ మంచిదే.

రెండో కారణం దారం వదులు కావడం. స్క్విడ్ జిగ్‌కు మామూలు గాలానికుండే ముల్లు ఉండదు. పైకి వంగిన సన్నని సూదులు వరుసగా ఉంటాయి, అంతే. స్క్విడ్ కొరకదు, చేతులతో చుట్టుకుంటుంది. చేప పట్టినట్టు కుదుపు రాదు. తడి గుడ్డ తగులుకున్నట్టు దారం కాస్త బరువెక్కుతుంది. చాలామంది దాన్ని నాచు అనుకుని ఆగిపోతారు. ఆగితే దారం వదులవుతుంది, స్క్విడ్ జారిపోతుంది. బరువు తెలియగానే కడ్డీ చివరను మెత్తగా పైకెత్తి, ఒకే వేగంతో చుట్టేయండి. నీళ్లు దాటేటప్పుడు దాని గొట్టం ఎటు తిరిగి ఉందో చూసుకోండి. సిరా మీ మీద పడితే మీ చొక్కాకే నష్టం, పక్కవారి మీద పడితే కాస్త మాటలు పడవలసి వస్తుంది.

మూడోది మేత ఎక్కువైపోవడం. నీళ్లనిండా హెర్రింగ్ ఉంటే మీ జిగ్ వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. అప్పుడు దాన్ని గుంపుకు దూరంగా, గుంపు కన్నా కిందగా, దెబ్బతిన్న చేపలా ఆపి ఆపి కదిలించాలి. సైజు తగ్గించి చూడండి. జిగ్‌లు వరుసగా ఎన్నయినా కట్టవచ్చనుకోవద్దు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక దారానికి నాలుగే.

మొదట్లో బాగా వెలిగి, తరువాత మసకబారుతోంది

దీపం పాడైందని తేల్చే ముందు మల్టీమీటరు తీయండి. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు చూపిస్తే సరిపోదు. దీపం వెలుగుతుండగా, దీపం వైపు చివర ఎంత చేరుతోందో చూడాలి.

లెక్క చిన్నదే. 60 వాట్ల దీపం 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. జెట్టీ ఎత్తు, నీటి లోతు కలిపి 10 మీటర్ల తీగ అనుకుందాం. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి అది 20 మీటర్లు. తీగ మందం 0.75 చదరపు మిల్లీమీటర్లయితే దారిలోనే దాదాపు 2.3 వోల్టులు పోతాయి. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.7 వోల్టు. పెద్ద దీపం కొని పాత సన్న తీగకే కలిపితే కరెంటు ఇంకా పెరిగి, నష్టమూ పెరుగుతుంది. కొత్త దీపం పాతదానికన్నా గొప్పగా ఏమీ లేదని నిట్టూర్చేవారిలో సగం మంది సమస్య ఇదేనని నా అనుమానం.

తీగ సరిగానే ఉంటే బ్యాటరీని చూడండి. 12 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. 30 వాట్ల దీపానికి అది సుమారు రెండు గంటలు వస్తుంది, చలిలో అంతకన్నా తక్కువ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తేలిక, ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే అది గడ్డకట్టే చలిలో ఉన్నప్పుడు చార్జింగు పెట్టవద్దు. ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాక పెట్టండి. ఏ బ్యాటరీ అయినా ధన ధ్రువం పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

మినుకుమంటోంది, లేదా పూర్తిగా ఆరిపోయింది

కనెక్టరు విప్పి చూడండి. రాగి మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే ఉప్పునీరు చేరినట్టే. తీగ చివర కత్తిరించి లోపలి రాగి నల్లబడిందేమో కూడా చూడాలి. ఉప్పునీరు తీగ పోగుల మధ్యనుంచి చాలా దూరం పాకుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త కనెక్టరు వేసి, లోపల అంటుకునే జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది) తొడగండి. ఒట్టి ఇన్సులేషన్ టేపు ఒక్క రాత్రి కూడా నమ్మదగినది కాదు. ఇంటికి రాగానే దీపం, తీగ రెండూ మంచినీళ్లతో కడగాలి.

నీటిలో వాడే ఎల్‌ఇడి దీపానికి చుట్టూ ఉన్న నీరే చల్లదనం. పనిచేస్తోందో లేదో చూడటానికి బయట నాలుగైదు క్షణాలు వెలిగించవచ్చు. జెట్టీ మీద దారం ముడి వేసుకునేదాకా వెలిగించి ఉంచితే లోపల కాలిపోతుంది.

నీళ్లు పాలలా తెల్లబడుతున్నాయి, వెలుగు కిందికి దిగడం లేదు

వానల తరువాత ఎలియట్ బేలోకి డువామిష్ నది బురద తెస్తుంది. ఆ రేణువులకు తగిలి వెలుగు చెదిరిపోతుంది. ఇక్కడ వాట్లు పెంచితే తెలుపే పెరుగుతుంది. వాన తగ్గి ఒకటి రెండు రోజులు ఆగడమో, నది నోటికి దూరంగా ఎడ్మండ్స్ వైపు వెళ్లడమో మేలు.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవాలు) నిండిన తీరపు నీటిలో ఆకుపచ్చ దూరం వెళ్తుంది, స్వచ్ఛమైన నడిసముద్రంలో నీలం. ఎరుపును నీరు మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. చాలా జాతుల స్క్విడ్‌లకు రంగులు తేడాగా కనిపించవు, వాటి కన్ను నీలం, ఆకుపచ్చల మధ్య వెలుగునే బాగా పట్టుకుంటుంది. పది రంగులు మారే దీపానికి అదనంగా డబ్బు పెట్టవద్దు.

దీపం కొట్టుకుపోతోంది, దారాలు చిక్కుపడుతున్నాయి

దీపాన్ని తీగతో కాదు, విడిగా తాడుతో వేలాడదీయండి. కింద కిలో, రెండు కిలోల సీసం కట్టండి. తీగను తాడుకు అక్కడక్కడా కట్టి కాస్త వదులుంచితే బరువు కనెక్టరు మీద పడదు. జెట్టీ రద్దీగా ఉంటే పక్కవారి దీపం అంచునే మీరూ వాడుకోవచ్చు, అడిగితే చాలు.

అంతా బాగుండి, ఒక్కసారిగా ఖాళీ

నీటిలో ఒక పెద్ద నీడ కదిలిందా? అయితే సీలో, సీ లయనో, డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేపో వచ్చింది. చేయగలిగింది లేదు, పావుగంట ఆగండి. నీడ లేకపోతే పైకి చూడండి. ఎవరో తలకు కట్టుకున్న తెల్ల దీపంతో నీళ్లలోకి తొంగిచూస్తూ ఉంటారు. వెలుగు స్థిరంగా ఉంటే స్క్విడ్ సర్దుకుంటుంది, ఉన్నట్టుండి మారితే బెదురుతుంది. జిగ్‌లు ముడివేసుకోవడానికి ఎర్ర వెలుగు దీపం వాడండి. నీటిలో వేసిన దీపాన్ని మాటిమాటికీ ఆర్పి వెలిగించవద్దు.

లైసెన్సు, ఇండియా

వాషింగ్టన్‌లో 15 ఏళ్లు నిండినవారికి షెల్‌ఫిష్ లైసెన్సు కావాలి. ఎవరు పట్టినవి వారి బకెట్‌లోనే ఉండాలి, కుటుంబమంతటికీ ఒకే బకెట్ అంటే తనిఖీలో ఒప్పుకోరు. రోజువారీ పరిమితి ఆ ఏటి నిబంధనల పుస్తకంలో చూసుకోండి.

ఈ దీపాన్నే సెలవుల్లో విశాఖకో కాకినాడకో పట్టుకెళ్లి బంధువుల పడవ మీద వేద్దామనుకుంటే వద్దు. ఎల్‌ఇడి వంటి కృత్రిమ దీపాలతో చేపలు పట్టడాన్ని భారత ప్రభుత్వం 2017 నవంబరులో దేశపు ప్రత్యేకాధికార ఆర్థిక మండలి (ఇఇజడ్, చేపల మీద హక్కు మన దేశానికే ఉండే సముద్ర ప్రాంతం) అంతటా నిషేధించింది. జనరేటర్లతో భారీ దీపాలు వెలిగించే పెద్ద పడవలు గుంపులు గుంపులుగా చేపలను ఊడ్చుకుపోతుంటే చిన్న పడవలవారికి ఏమీ మిగలడం లేదన్నది దాని వెనుక ఉన్న గొడవ. అక్కడ తీరంలో పట్టుబడితే పోయేది మీ దీపం ఒక్కటే కాదు, బంధువుల పడవ కూడా చిక్కుల్లో పడుతుంది.