అమెరికా ఉద్యోగంలో మతాచారానికి వెసులుబాటు కోరడం ఎలా

అమెరికాలో పనిచేసే మనవాళ్లలో చాలామంది, మతాచారం కోసం ఆఫీసులో ఏదైనా అడగవలసి వచ్చినప్పుడు, అది మేనేజరు మంచితనం మీద ఆధారపడిన వ్యవహారమని అనుకుంటారు. నిజానికి 1964 నాటి పౌర హక్కుల చట్టంలో టైటిల్ సెవెన్‌గా పిలిచే భాగం, ఉద్యోగంలో మతాన్ని బట్టి వివక్ష చూపడాన్ని నిషేధించింది. ఉద్యోగి ఆచారానికీ సంస్థ నియమానికీ పొసగనప్పుడు, వ్యాపారానికి మోయలేని భారం కానంతవరకు యజమాని తగిన వెసులుబాటు కల్పించాలని 1972 నాటి సవరణ స్పష్టం చేసింది. హెచ్‌ఆర్ వాళ్లు రిలిజియస్ అకామడేషన్ అనేది దీన్నే. ఆ అభ్యర్థన నిలిచేదీ వీగిపోయేదీ చాలావరకు మొదటి లేఖలో ఏం రాశారన్న దాని మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

ముందుగా ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. టైటిల్ సెవెన్ కింద సంస్థలో కనీసం 15 మంది ఉద్యోగులు ఉండాలి. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టానికి ఐదుగురు చాలు. హెచ్1బి వీసా మీద ఉన్నంత మాత్రాన ఈ రక్షణ పోదు. కన్సల్టెన్సీ తరఫున క్లయింట్ దగ్గర పనిచేసేవారికి, పరిస్థితిని బట్టి, ఇద్దరూ బాధ్యులు కావచ్చు కాబట్టి లేఖ ఇద్దరికీ పంపడం మేలు. 1099 అనే పన్ను ఫారం మీద నిజంగా స్వతంత్రంగా పనిచేసే కాంట్రాక్టరుకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

తరువాతి పని, మీ ఆచారంలో ఏది నియమమో ఏది సౌకర్యమో మీకు మీరే తేల్చుకోవడం. యాత్ర చేయాలన్నది విశ్వాసమే అయినా, ఫలానా తేదీల్లోనే వెళ్లాలన్నది వ్యక్తిగత ఇష్టమని భావించి, బోస్నియాలోని క్రైస్తవ యాత్రాస్థలం మెడ్జుగోర్యేకు వెళ్లడానికి సెలవు కోరిన ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉద్యోగిని వాదనను 1998లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. టికెట్టు చవకగా దొరికిన వారంలో తిరుమల వెళ్లాలనుకునేవారు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి. అలాగని మీ ఆచారాన్ని మీ మతంలో అందరూ పాటించి ఉండనక్కరలేదు. శాస్త్రప్రమాణం చూపించాలన్న నిబంధన కూడా లేదు. మీ విశ్వాసం నిజాయితీతో కూడినదైతే చాలు.

అయ్యప్ప దీక్షను ఉదాహరణగా తీసుకుందాం. మాల వేసుకున్న స్వామి 41 రోజుల పాటు గడ్డం గీయడు, నల్లబట్టలు కడతాడు, చెప్పులు వేసుకోడు, ఉదయ సాయంత్రాలు స్నానం చేసి పూజ చేసుకుంటాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇవి పెద్ద సమస్య కాకపోవచ్చు. కానీ అదే వ్యక్తి గోదాములోనో మందుల ఫ్యాక్టరీలోనో పనిచేస్తుంటే ఒక్కో నియమాన్నీ విడిగా చూడవలసి ఉంటుంది. నల్లచొక్కాకు యూనిఫాం నిబంధన సడలించడం సులువు. ముఖానికి బిగుతుగా అతుక్కునే మాస్కు వాడే చోట, దాని అంచు కింద గడ్డం ఉండకూడదని కార్మిక భద్రతా నియమాలు చెబుతాయి. అక్కడ తల మొత్తం కప్పే వదులైన హుడ్ తరహా పరికరం అడగవచ్చు. ఫోర్క్‌లిఫ్టులు తిరిగే నేల మీద చెప్పులు లేకుండా నడుస్తానంటే మాత్రం ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు. ఆ దినాలకు మరో పని కేటాయించమని కోరడమే దారి. ఇవన్నీ మాల వేసుకున్న మరునాడు కాకుండా, కొన్ని వారాల ముందే అడగాలి.

లేఖలో చట్టం సెక్షన్లు ఏకరువు పెట్టనక్కరలేదు. ఇంగ్లీషులో మీరు రాసే ఈమెయిలు సారాంశం ఇలా ఉంటే సరిపోతుంది: “నేను హిందువును. నా మతాచారం ప్రకారం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు దీక్షలో ఉంటాను. ఆ కాలంలో గడ్డం గీయకూడదు. ఇది మన గ్రూమింగ్ నియమానికి విరుద్ధం. కాబట్టి రిలిజియస్ అకామడేషన్ కోరుతున్నాను. ఈ రెండు మార్గాల్లో (మీకు వీలైన రెండూ ఇక్కడ రాయండి) ఏదైనా నాకు సమ్మతమే. ఇతర మార్గాలున్నా మాట్లాడడానికి సిద్ధం.” శుక్రవారం జుమా నమాజు కోసం భోజన విరామాన్ని జరపమనే ముస్లిం సోదరుడికీ, శనివారం షిఫ్టు వద్దనే అడ్వెంటిస్టు క్రైస్తవుడికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. నోటిమాటగా ఒప్పందం కుదిరినా, అదే రోజు దాన్ని ఈమెయిలులో పెట్టి పంపండి.

రెండు మార్గాలు సూచించమనడానికి కారణం ఉంది. తగిన వెసులుబాటు ఒకటి ఇస్తే యజమాని బాధ్యత తీరుతుందనీ, ఉద్యోగి కోరిందే ఇవ్వాలన్న నిర్బంధం లేదనీ అన్సోనియా పాఠశాల బోర్డు కేసులో 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. షిఫ్టు మార్చుకోవడం, సెలవు వాడుకోవడం, పని గంటలను సర్దుకోవడం వంటివాటిలో మీకు నచ్చనిది ఇచ్చినా, అది మీ ఆచారానికి అడ్డం రాకపోతే చట్టం సంతృప్తి చెందుతుంది.

“కుదరదు” అనే జవాబు వస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన హార్డిసన్ తీర్పు తరువాత, స్వల్ప ఖర్చును మించిన ఏ భారాన్ని చూపినా యజమాని తప్పించుకోగలిగేవాడు. ఆదివారం పార్సిళ్లు అందించనన్న పెన్సిల్వేనియా తపాలా ఉద్యోగి గ్రాఫ్ వేసిన కేసులో, 2023 జూన్ 29న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ పరిస్థితిని మార్చింది. ఇప్పుడు యజమాని తన వ్యాపార నిర్వహణ దృష్ట్యా గణనీయమైన అదనపు ఖర్చు అవుతుందని నిరూపించాలి. మీ బొట్టు చూసి తోటి ఉద్యోగులు ముఖం చిట్లించడం ఆ లెక్కలోకి రాదు.

గుళ్లలో, చర్చిల్లో పనిచేసేవారి సంగతి వేరు. మత సంస్థలు తమ మతస్థులకే ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇవ్వడానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. పైగా మతబోధ, పూజాదికాల వంటి కీలక ధార్మిక విధులు నిర్వర్తించేవారి నియామకంలోనూ తొలగింపులోనూ ఈ వివక్ష చట్టాలు జోక్యం చేసుకోవని 2012 నాటి సుప్రీంకోర్టు హొసానా-టాబర్ తీర్పు తేల్చింది. అందువల్ల అక్కడి అర్చకుడు తన ఉద్యోగ ఒప్పందాన్ని సంతకానికి ముందే న్యాయవాదికి చూపించుకోవడం అవసరం.

అభ్యర్థనను అన్యాయంగా తిరస్కరించినా, అడిగినందుకు కక్షగట్టినా, ఈఈఓసీ అనే సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు సాధారణంగా 180 రోజులు. అదే రకం వివక్షను నిషేధించే చట్టాన్ని రాష్ట్ర లేదా స్థానిక సంస్థ అమలుచేసే చోట 300 రోజులు. కంపెనీలో అంతర్గత అప్పీలు నడుస్తున్నా ఈ గడువు ఆగదు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు 45 రోజుల్లోనే తమ శాఖలోని ఈఈఓ కౌన్సెలరును కలవాలి. ప్రైవేటు ఉద్యోగి చేతికి కమిషన్ నుంచి దావా వేసుకునే హక్కు పత్రం వచ్చాక కోర్టుకు వెళ్లడానికి మిగిలేది 90 రోజులే కాబట్టి, న్యాయవాదిని ఆ పత్రం రాకముందే చూసిపెట్టుకోవాలి.