ఫిల్లర్ రక్తనాళానికి అడ్డుపడితే: క్లినిక్‌లో చేయాల్సిన రిహార్సల్

ఏడాదికోసారి వర్క్‌షాప్‌కి వెళ్లొస్తే సరిపోదు. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్లు (ముడతలు, పెదవులు నింపడానికి చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చే జెల్) వేసే ప్రతి డాక్టరూ 3 నెలలకోసారి నర్సులతో కలిసి ఈ రిహార్సల్ చేయాలి.

ముందు ఎమర్జెన్సీ ట్రే తెరిచి ఫిల్లర్‌ను కరిగించే మందు హయలురోనిడేజ్ వయల్స్ (చిన్న సీసాలు) ఎక్స్‌పైరీ తేదీలు చదవండి. ఒక్క వయల్ ఉంటే ఉన్నట్టు కాదు, గంట గంటకూ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. 1500 యూనిట్ల వయల్‌లో 3 మి.లీ. సెలైన్ కలిపితే మి.లీ.కి 500 యూనిట్లు. కంగారులో ఈ లెక్క తప్పుతుంది, అందుకే ట్రే మూతమీద రాసి అంటించండి.

తర్వాత ఒకరి పెదవి పక్క చర్మాన్ని తెల్లబడేలా నొక్కి వదలండి. దాదాపు 2 సెకన్లలో మళ్లీ రంగు రావాలి. నాళం మూసుకుంటే ఆలస్యమవుతుంది, వల అల్లినట్టు నీలి మచ్చలు తేలుతాయి. చామనఛాయ చర్మంలో ఆ తెలుపు సరిగా కనబడదు కాబట్టి పెదవి లోపలి పొర కూడా చూడటం అలవాటు చేసుకోవాలి. పొరబడేది ఇక్కడే: మామూలుగా కమిలిందనుకుని ఐస్ పెట్టి ఇంటికి పంపేస్తారు. చల్లదనానికి నాళాలు ఇంకా ముడుచుకుంటాయి.

చూపు మసకబారితే క్షణం ఆగకుండా కంటి ఆసుపత్రికి పంపాలి. ఆ ఫోన్ నంబరూ మూతమీదే ఉండాలి.