కొత్త పార్టీకి గుర్తు, లోగో ఎంచుకోవడం ఎలా?

2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో పోలింగ్ ఆపేయాల్సి వచ్చింది. బ్యాలెట్ పేపర్ మీద సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలి బదులు సీపీఎం వాళ్ల సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. డిసెంబర్ 3న మళ్లీ ఓట్లు వేయించారు. చదవడం రాని ఓటరుకు గుర్తే అభ్యర్థి మరి. నగరంలో కొత్తగా పార్టీ పెట్టేవాళ్లయినా, కార్పొరేటర్‌గా ఇండిపెండెంట్‌గా నిలబడేవాళ్లయినా ముందు ఆ ఓటరు గురించే ఆలోచించాలి.

1. గుర్తు వేరు, లోగో వేరు

లోగో, జెండా, రంగు మన ఇష్టం. గుర్తు ఎన్నికల సంఘం ఇచ్చేది. 1982లో హైదరాబాద్‌లో పుట్టిన తెలుగుదేశం జెండా మీద గుడిసె, నాగలి, చక్రం ఉంటాయి. బ్యాలెట్ మీద మాత్రం సైకిల్. కొత్త పార్టీ ఈ రెంటినీ ఎంత దగ్గరగా ఉంచితే అంత మంచిది. అందుకే గుర్తు ఖాయమయ్యేదాకా లోగో అచ్చుకు ఇవ్వకండి.

2. నిబంధనలు చూసుకోండి

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు 1968 నాటి గుర్తుల ఉత్తర్వు వర్తిస్తుంది. గుర్తింపు పొందిన పార్టీలకు రిజర్వ్ అయినవి పోగా మిగిలిన ఫ్రీ సింబల్స్‌లోంచి కోరుకోవాలి. జంతువులు, పక్షులు, మతాన్ని తలపించే బొమ్మలు కొత్తగా ఇవ్వరు. కార్పొరేషన్ ఎన్నికలకు రాష్ట్ర ఎన్నికల సంఘం జాబితా వేరే ఉంటుంది, అది విడిగా తెచ్చుకోండి.

ఇంకో సంగతి. రిజర్వ్ కాని గుర్తు పూర్తిగా మీ సొంతం కాదు. 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో జనసేన పోటీలో లేని కొన్ని చోట్ల ఆ పార్టీ గుర్తయిన గాజు గ్లాసు స్వతంత్ర అభ్యర్థులకు వెళ్లింది.

3. పోలికలు పరీక్షించండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కారు గుర్తుతో టీఆర్‌ఎస్ పడ్డ టెన్షన్ అందరికీ తెలిసిందే. రోడ్డు రోలర్, కెమెరా, చపాతీ కర్ర లాంటివి ఈవీఎం మీద కారులా కనిపిస్తున్నాయని ఆ పార్టీ ఎన్నోసార్లు ఫిర్యాదు చేసింది. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో వెయ్యి పైచిలుకు ఓట్లతో ఓడినప్పుడు, చపాతీ కర్ర గుర్తుకు అంతకు రెండింతలకు మించి ఓట్లు పడ్డాయి. అవన్నీ కారు ఓట్లేనని ఎవరూ రుజువు చేయలేరు. కానీ చూపు మందగించిన పెద్దావిడ ఓటు దారి తప్పే వీలుంటే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మీరు అనుకున్న గుర్తును మిగతా ఫ్రీ సింబల్స్ పక్కన పెట్టి, నలుపు తెలుపుల్లో, బొటనవేలి గోరంత సైజులో ప్రింట్ తీయండి. ఓటు ఏ గుర్తుకు పడిందో చూపించే వీవీప్యాట్ స్లిప్ కనిపించేది 7 సెకన్లే. కాబట్టి మీ ఇంట్లో, బస్తీలో అరవై దాటినవాళ్లకు అద్దాలు లేకుండా చూపించి, అంతకంటే తక్కువ సేపట్లో పోల్చుకుంటారో లేదో చూడండి. తడబడితే ఆ గుర్తు వదిలేయండి, మీకు ఎంత నచ్చినా సరే.

4. పలికి చూడండి

మైకులో అరిస్తే ఒక్క మాటలో అందాలి. తెలుగు ఎక్కువ వినిపించే అంబర్‌పేటలోనూ, ఉర్దూ ఎక్కువ వినిపించే చార్మినార్ దగ్గరా ఒకేలా పిలిచేదైతే ఇంకా మేలు. కారు, సైకిల్ అలాంటివే.

5. ఇప్పుడు లోగో గీయించండి

గుర్తు మధ్యలో, పార్టీ పేరు కింద. గీతలు లావుగా, రంగులు రెండుకు మించకుండా. సన్న గీతలు ఫ్లెక్సీ మీద బాగానే ఉంటాయి గానీ కండువా మీద స్క్రీన్ ప్రింట్ వేస్తే కలిసిపోతాయి. ఛత్తాబజార్ ప్రెస్సుల్లో ముందు ఒక్క శాంపిల్ తీయించి, ఎండలో దూరం నుంచి చూశాకే మొత్తం ఆర్డర్ ఇవ్వండి. తర్వాత రంగులు మార్చకండి. 2022లో టీఆర్‌ఎస్ పేరు బీఆర్‌ఎస్ అయినా కారు, గులాబీ రంగు అలాగే ఉన్నాయి.

6. గోడలు, పోలింగ్ రోజు

ఇంటి యజమాని ఒప్పుకోకుండా గోడ మీద గుర్తు వేయడం నిబంధనలకు విరుద్ధం. అది ఓట్లు కూడా పోగొడుతుంది. అభ్యర్థుల తుది జాబితా వచ్చాక వరస నంబరు, గుర్తు కలిపి నమూనా బ్యాలెట్ కొట్టించి ఇంటింటికీ ఇవ్వండి. పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపల మాత్రం ప్రచారం నిషేధం, కండువాలు బయటే తీసేయమని కార్యకర్తలకు ముందు రోజే చెప్పండి.