మహిళల ఫిగర్ స్కేటింగ్ సీజన్‌లో పోటీదారులను ముందుగా అంచనా వేయడం

ముందుగా గ్రాండ్ ప్రీ, అంటే సీజన్‌లో వరుసగా జరిగే అంతర్జాతీయ పోటీల్లో, ఎవరికి ఏ పోటీ కేటాయించారో చూడాలి. ఆరు పోటీల్లో ఒక్కొక్కరికి గరిష్ఠంగా రెండే దక్కుతాయి. విజేతకు 15, రెండో స్థానానికి 13, మూడో స్థానానికి 11 పాయింట్లు లభించి, మొత్తం మీద తొలి ఆరుగురే ఫైనల్‌కు వెళ్తారు కనుక, బలమైనవారంతా ఒకే పోటీలో పడితే మంచి స్కేటర్ కూడా వెనకబడవచ్చు.

తరువాత గత సీజన్ స్కోరు పత్రాల్లో ఒక్కొక్క జంప్ పక్కనున్న గుర్తులను చదవాలి. గాలిలో మూడున్నర చుట్లు తిరిగే ట్రిపుల్ ఆక్సెల్ జంప్‌కు మూల విలువ 8 పాయింట్లు ఉన్నా, గాలిలో తిరగడం పూర్తికాకముందే మంచును తాకే అలవాటున్నవారికి అది పూర్తిగా దక్కదు. ఆ జంప్ లేకుండానే జపాన్ స్కేటర్ కవోరి సకమోటో 2022 నుంచి 2024 వరకు వరుసగా మూడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచారు. కాబట్టి జంప్‌ల కష్టాన్ని మాత్రమే లెక్కించే జాబితాలను నేను నమ్మను.

జూనియర్ విజేతలను చేర్చేముందు వయసు సరిచూసుకోవాలి; 2024-25 నుంచి సీనియర్ విభాగంలో కనీస వయసు 17.